పక్క జిల్లా లేని దేశం

అందరికీ నమస్కారం.

తుఫాను అంటే ఏమిటో మన కోస్తా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1977లో దివిసీమ ఉప్పెనను, 2014లో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్‌ను చూసినవాళ్లు మీలోనే ఉంటారు. అందుకే ఈ రోజు మన తీరం సంగతి పక్కనబెట్టి, పసిఫిక్‌ మహాసముద్రంలోని ఫిజీ గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ దేశం మనకు పూర్తిగా పరాయిదేం కాదు. 1903 నుంచి మద్రాసులో ఓడెక్కి గిరిమిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా, చెరకు తోటలకు వెళ్లిన దక్షిణాది వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది.

2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ తుఫానుది వింత దారి. వనువాటు దీవుల దగ్గర పుట్టి, తూర్పున ఉన్న టోంగా దీవుల వైపు పోయింది. అటే పోతుందనుకుంటుండగా వెనక్కి తిరిగి, వెచ్చటి నీళ్ల మీద బలం పుంజుకుంటూ ఫిజీ మీదికి వచ్చింది. 20వ తేదీ, శనివారం. వనువా బలావు, కోరో దీవుల్ని తొక్కుకుంటూ రాత్రికి పెద్ద దీవి విటి లెవు ఉత్తర తీరంలోని రా ప్రాంతాన్ని తాకింది. గాలి వేగం గంటకు 280 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు 180 దాకా ఉంది, ఆ రోజు విశాఖ ఎలా అయిపోయిందో మనకు తెలుసు. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. కాబట్టి 180కి, 280కి మధ్య తేడాను వంద కిలోమీటర్లేగా అనుకోకండి.

ఇళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ చాలా ఇళ్లకు రేకుల కప్పే. కప్పు ఎగిరిపోయిందంటే గాలి పైనుంచి లాగేసిందని అనుకుంటాం. అది సగమే నిజం. ముందు ఒక కిటికీయో తలుపో పగులుతుంది. గాలి లోపలికి జొరబడి, బయటికి దారిలేక కప్పును కిందినుంచి పైకి తోస్తుంది. అదే సమయంలో పైన దూసుకుపోయే గాలి దాన్ని లాగుతుంది. మేకు దగ్గర రేకు చిరుగుతుంది, లేదా మేకే ఊడొస్తుంది. ఒక్క రేకు లేచిందా, మిగతావి దాని వెంటే పోతాయి. ఊడిన ఆ రేకే గాలిలో కత్తిలా తిరుగుతూ పక్కింటి మీద పడుతుంది. దీనికి మందు పెద్ద ఖర్చుదేం కాదు: మేకులకు బదులు స్క్రూలు, వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి పట్టి ఉంచే ఇనుప పట్టీలు. తుఫాను తర్వాత ఫిజీ ప్రభుత్వం ఇల్లు కట్టుకునే సామాను కొనుక్కోవడానికి నష్టాన్ని బట్టి 1,500 నుంచి 7,000 ఫిజీ డాలర్ల దాకా ఇచ్చింది. నా దృష్టిలో అలాంటి డబ్బు ఇచ్చేటప్పుడే ఈ పట్టీల పని తెలిసిన మేస్త్రీని కూడా ఊరికి పంపాలి. లేకపోతే కొత్త రేకులు పాత పద్ధతిలోనే కొట్టుకుంటారు.

చనిపోయినవాళ్లు 44 మంది. హెచ్చరికలు ముందే అందాయి, కర్ఫ్యూ పెట్టారు, జనం స్కూళ్లలో తలదాచుకున్నారు కాబట్టే ఆ సంఖ్య అక్కడ ఆగింది. కానీ దాదాపు తొమ్మిది లక్షల జనాభాలో 5 లక్షల 40 వేల మంది తుఫాను దెబ్బ తిన్నారు. అంటే సగం మందికి పైగా. ఈ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. హుద్‌హుద్ తర్వాత కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి సిబ్బంది లారీల్లో వచ్చారు. ఫిజీకి పక్క జిల్లా లేదు. సాయం చేయాల్సినవాడి ఇంటికే కప్పు లేదు. 300కు పైగా దీవులున్న దేశంలో కోరో లాంటి చోటికి బియ్యం బస్తా చేరాలన్నా పడవే దిక్కు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నౌకలు పంపాయి, మన దేశం విమానంలో సామాగ్రి పంపింది. ఎంత తొందరపడినా సముద్రం దాటి రావాల్సిందే కదా.

ఆ తర్వాత తిండి. కర్రపెండలం మళ్లీ నాటితే ఏడాదిలోపు దుంప చేతికొస్తుంది. చేమ జాతి దుంప దాలో కూడా అంతే. కానీ కోరో, తవేయుని దీవుల రైతులకు నగదు తెచ్చేది యంగోనా. మిరియాల జాతి మొక్క, దాని వేరుతోనే అక్కడివాళ్లు పానీయం చేసుకుంటారు. అది మంచి ధర పలకాలంటే మూడు నాలుగేళ్లు పెరగాలి. కొబ్బరి కాపుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఇంటి ఖర్చు ఏటా ఉంటుంది, ఆదాయం మాత్రం నాలుగేళ్ల తర్వాత! రా ప్రాంతంలో చెరకు రైతులకు ఇంకో దెబ్బ తగిలింది. రాకిరాకిలోని పెనాంగ్ చక్కెర ఫ్యాక్టరీ ఆ తుఫానులో పాడై, మళ్లీ తెరుచుకోలేదు. చెరకును దూరంగా ఉన్న మరో ఫ్యాక్టరీకి తోలాల్సి వచ్చింది.

విన్‌స్టన్‌కు ముందు, అదే నెలలో, పారిస్ వాతావరణ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది ఫిజీ పార్లమెంటే. భూమి వేడెక్కితే తుఫానుల సంఖ్య పెరుగుతుందని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పడం లేదు. వచ్చేవాటిలో భీకరమైనవాటి వాటా పెరుగుతుందని, వాన ఎక్కువవుతుందని, సముద్రమట్టం పెరిగి ఉప్పెన ఇంకా లోపలికి వస్తుందని చెబుతున్నారు. ఆ వేడిలో ఫిజీ వాటా లెక్కలోకి రానంత తక్కువ. అయినా ప్రతి తుఫాను తర్వాతా ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేయాల్సింది ఆ దేశమే. పాత అప్పు తీరకముందే కొత్త తుఫాను వస్తుంది.

2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఇలాంటి దేశాల నష్టాలకు ప్రత్యేక నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది దుబాయ్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఆ నిధి నుంచి వచ్చే డబ్బు అప్పుగా కాకుండా తిరిగి ఇవ్వక్కర్లేని సాయంగా రావాలి, అదీ తుఫాను వెళ్లిన వారాల్లోనే రావాలి. ఈ మాట అడగడంలో తీరప్రాంతం ఉన్న మన దేశం ఆ దీవుల పక్కన గట్టిగా నిలబడాలని నా కోరిక.