జంగిల్ బర్డ్: రమ్ములో కాకరకాయ చేదు వేస్తే ఎలా ఉంటుందంటే

హాయ్ అండి, బెజవాడ ఎండ ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు, ఫ్యాన్ కూడా వేడిగాలే కొడుతోంది. ఇరవై ఒకటి నిండనోళ్లు వీడియో ఇక్కడితో ఆపేయండి, మిగతావాళ్లు రండి.

ఇదిగో ఈ ఎర్ర బాటిల్ కంపారి. మా బావ దుబాయ్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో తెచ్చాడు, స్వీట్‌గా ఉంటదనుకుని ఉత్తదే ఒక గుక్క తాగి సింక్ దగ్గరకి పరిగెత్తాడు. తప్పు బావది కాదులెండి, రంగు చూస్తే రస్నా, నోట్లో పోస్తే కాకరకాయ. 1860లో ఇటలీలో పుట్టిందిది, మూలికలూ పళ్లూ ఆల్కహాల్‌లో నానబెట్టి చేస్తారు. అప్పట్లో ఆ ఎరుపు కూడా పురుగుల నుంచి తీసిందే, బావకి ఇంకా చెప్పలేదు.

దీన్ని రమ్ముతో కలిపిన డ్రింకే జంగిల్ బర్డ్. 1970ల్లో కౌలాలంపూర్ హిల్టన్ హోటల్ బార్‌లో పుట్టింది.

కొలతలు: డార్క్ రమ్ 45 ఎంఎల్, నేను ఓల్డ్ మాంక్ వేశా, కంపారి 22, పైనాపిల్ జ్యూస్ 45, నిమ్మరసం 15, పాకం 15. ఇప్పుడు చాలామంది బ్లాక్‌స్ట్రాప్ అని ఇంకా నల్లటి రమ్ వేస్తారు, అది మనకెక్కడ దొరుకుతది, అందుకే పంచదార మానేసి బెల్లం పాకం కాశా, ఆ రమ్ములో ఉండే మొలాసిస్, అంటే చెరకు మడ్డి, వాసన కొంచెమైనా వస్తదని. నిమ్మకాయ మన చిన్నదే, రసం ఉన్నది ఒకటి చాలు, నిమ్మకాయల తెనాలిని పక్కన పెట్టుకుని దానిక్కూడా ఆలోచిస్తామా.

అసలు తేడా పైనాపిల్ దగ్గరుంది. మొదటిసారి డబ్బా జ్యూస్ పోశా, దగ్గు సిరప్ లాగా వచ్చింది, పారబోశా. రెండోసారి కాళేశ్వరరావు మార్కెట్ నుంచి పండు తెచ్చి మిక్సీలో కొట్టి గుడ్డలో వడకట్టి, మూత గట్టిగా ఉన్న స్టీల్ బాటిల్‌లో ఐస్ వేసి చేతులు జివ్వుమనేదాకా ఊపా. చూడండి, పైన ఈ నురగ, ఫిల్టర్ కాఫీ మీద నురగలా ఎలా నిలబడిందో, ఇది డబ్బా జ్యూస్‌తో ఇంతలా రాలేదు. కింద రంగేమో ఆవకాయ ఊట.

టేస్ట్... ముందు తీపి, పులుపు, మింగాక చేదు నాలిక వెనకాల మెల్లగా వస్తది, ఉగాది పచ్చట్లో వేపపువ్వు తగిలినట్టు. ఆ చేదు లేకపోతే ఇది ఉత్త పైనాపిల్ షర్బత్తే. నాకు ఓల్డ్ మాంక్‌లో వెనిలా కొంచెం ఎక్కువనిపించింది, అందుకని నెక్స్ట్ టైమ్ పాకం 10కి తగ్గిస్తా.

పదికి ఎనిమిది. బావకి గ్లాసు ఇచ్చా, ముందు వాసన చూస్తున్నాడు, ఇంకా నమ్మకం రాలేదు పాపం.