హెచ్‌డీఎంఐ కేబుల్‌కు ఎంత పెట్టాలి? ఇంటి టీవీకి నిజంగా కావలసింది ఇదీ

నమస్కారం. కొత్త టీవీ ఇంటికి వచ్చాక చాలామందిని వేధించే ప్రశ్న ఒకటుంది: బాక్సు నుంచి బొమ్మను, శబ్దాన్ని టీవీకి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ ఏది కొనాలి? దుకాణంలో అడిగితే రెండు వందల నుంచి రెండు మూడు వేల దాకా రకరకాలు ముందు పెడతారు. అట్టపెట్టెల మీద రాతలు చదివితే, ఖరీదైనది కొనకపోతే టీవీ కొన్న డబ్బంతా వృథా అవుతుందేమో అనిపిస్తుంది. ఆ బెంగ వద్దు. చాలా ఇళ్లకు తక్కువ ధరలో దొరికే మామూలు కేబులే చాలు. కొన్ని ఇళ్లకు మాత్రం చాలదు. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకుందాం.

ఇదిగో, బల్ల మీద మూడు కేబుళ్లున్నాయి. ఈ సన్నది సెట్‌టాప్ బాక్సుతో పాటు వచ్చింది. ఇది హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీలో కొన్న రెండు మీటర్ల హైస్పీడ్ కేబుల్. అల్లిక తొడుగుతో మందంగా ఉన్న ఈ మూడోది అల్ట్రా హైస్పీడ్, మూడింట్లోనూ ఖరీదైనది. ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఒకే హెచ్‌డీ ఛానల్లో క్రికెట్ చూపిస్తున్నాను. మైదానంలో గడ్డి చూడండి, కింద స్కోరు అంకెల అంచులు చూడండి. తేడా ఉందా? లేదు. ఉండటానికి వీల్లేదు కూడా.

కారణం ఇదీ. హెచ్‌డీఎంఐలో ప్రవహించేది డిజిటల్ సంకేతం. అది అవతలి కొసకు సరిగ్గా చేరితే బొమ్మ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సరిగ్గా చేరకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మిలమిలలాడతాయి, లేదా తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా సిగ్నల్ లేదని చూపిస్తుంది. బొమ్మ కొంచెం మసకగా, రంగులు కొంచెం వెలసినట్టు రావడం కేబుల్ వల్ల జరగదు. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల పాత కేబుళ్ల రోజుల్లో నాసిరకం తీగతో బొమ్మ నిజంగానే పాడయ్యేది. ఆ అనుభవం మనకు ఇంకా గుర్తుంది కాబట్టే, ఈ కేబుల్ వేస్తే రంగులు అదిరిపోతాయని ఎవరైనా అంటే వెంటనే నమ్మేస్తాం. అలా చెప్పి అమ్మడం అన్యాయం. రంగులు టీవీ ప్యానెల్‌ను బట్టి, దాని సెట్టింగులను బట్టి వస్తాయి.

బంగారు పూత సంగతి కూడా అంతే. ఆ పూత పిన్నులు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి అది మేలే. బొమ్మకు మాత్రం దానితో పని లేదు. పైగా చవక కేబుళ్లకు కూడా ఇప్పుడు ఆ పూత వస్తోంది.

ఇక అసలు చూడవలసింది వేగం. '2.0 కేబుల్', '2.1 కేబుల్' అని అడగకండి. ఆ అంకెలు టీవీలకు, ప్లేయర్లకు సంబంధించినవి. కేబుల్‌కు ఉండేది వేగం పేరు. హైస్పీడ్ అంటే సెకనుకు సుమారు 10 గిగాబిట్ల సమాచారం మోసేది, ప్రీమియం హైస్పీడ్ అంటే 18, అల్ట్రా హైస్పీడ్ అంటే 48. మన అవసరం ఎంతో చూడండి. సెకనుకు 60 ఫ్రేముల (అంటే 60 విడి బొమ్మల) ఫుల్ హెచ్‌డీ వీడియోకు నాలుగున్నర గిగాబిట్లు చాలు. అంటే డీటీహెచ్ హెచ్‌డీ బాక్సుకు ఏ హైస్పీడ్ కేబుల్ అయినా పనిచేస్తుంది. బాక్సుతో వచ్చినదే ఉంటే కొత్తది కొననే వద్దు. ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే 4కే బొమ్మ ఇచ్చే స్ట్రీమింగ్ బాక్సు ఉండి, 60 ఫ్రేములతో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను బాగా చూపే పద్ధతి) కూడా కావాలంటే ప్రీమియం హైస్పీడ్ తీసుకోండి. 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే టీవీకి ప్లేస్టేషన్ 5 లాంటి గేమ్ కన్సోల్ తగిలించేవారికి అల్ట్రా కావాలి. ప్లేస్టేషన్ 5 పెట్టెలోనే ఆ కేబుల్ వస్తుంది కాబట్టి, అక్కడ కూడా ముందు పెట్టె వెతకండి.

ప్రీమియం గానీ అల్ట్రా గానీ కొంటే పెట్టె మీద ఈ ముద్ర ఉందో లేదో చూడండి. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. వేగం పేరు, పక్కనే క్యూఆర్ కోడ్. హెచ్‌డీఎంఐ వారి అధికారిక యాప్‌తో దీన్ని స్కాన్ చేస్తే కేబుల్‌కు ధ్రువీకరణ ఉందో లేదో తెలుస్తుంది. ముద్ర లేకుండా పెద్ద అక్షరాలతో '8కే' అని మాత్రమే ఉంటే, దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

4కే సరిగ్గా రావడం లేదని కేబుల్ మార్చే ముందు ఒక పని చేయండి. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి వేగం సెట్టింగుల్లో ఆపి ఉంటుంది. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్' లాంటి పేర్లతో కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే చాలా సందర్భాల్లో పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. సౌండ్‌బార్ ఉన్నవారు దాన్ని టీవీ వెనుక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న పోర్టుకే, అంటే టీవీ శబ్దాన్ని బయటికి పంపే పోర్టుకే తగిలించాలి. మామూలు ఏఆర్‌సీకి ఖరీదైన కేబుల్ అక్కర్లేదు.

నన్నడిగితే డబ్బు పెట్టవలసింది పొడవు దగ్గర. వేగం పెరిగేకొద్దీ రాగి తీగ మోయగల దూరం తగ్గుతుంది. 48 గిగాబిట్లు కావాలంటే మామూలు రాగి కేబుల్‌ను మూడు మీటర్ల లోపు ఉంచుకోవడం మంచిది. ఉపయోగపడుతుందిలే అని అయిదు మీటర్లది కొని, టీవీ వెనుక చుట్ట చుట్టి పెట్టేవారిని చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. బాక్సు నుంచి పోర్టు దాకా టేపుతో కొలిచి, దానికి అర మీటరు కలిపి కొనండి. గది ఆ చివర ప్రొజెక్టర్ ఉండి, పది పన్నెండు మీటర్లు కావాలంటే ఫైబర్‌తో చేసిన ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది. ఒక కొస మీద 'సోర్స్' అని, మరో కొస మీద 'డిస్‌ప్లే' అని రాసి ఉంటుంది. తిరగేసి తగిలిస్తే బొమ్మ రాదు.

గోడకు బిగించిన టీవీ అయితే వెనుక ఖాళీ చాలా తక్కువ. మందపాటి కేబుల్ మొనను అక్కడ బలవంతంగా వంచితే పోర్టు మీద ఒత్తిడి పడుతుంది, పోర్టు పోతే బోర్డు మరమ్మతు దాకా వెళ్తుంది. ఎల్ ఆకారపు మొన ఉన్న కేబుల్ కొనండి. అందులో కిందికి తిరిగేది, పైకి తిరిగేది అని రెండు రకాలున్నాయి. మీ పోర్టు ఎటు ఉందో ఫోనుతో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి.

ఇల్లు కడుతున్నవారు గోడలో వేసే పైపు కాస్త వెడల్పుగా, పదునైన మలుపులు లేకుండా వేయించండి. కేబుల్ మొన ఆ మలుపులో ఇరుక్కుంటుంది. కేబుల్‌ను లోపలికి పంపే ముందే టీవీకి తగిలించి, మీ దగ్గరున్న అత్యధిక నాణ్యత వీడియోను ఒక గంట ఆడించి చూడండి. తెర ఒక్కసారి నల్లబడినా ఆ కేబుల్ వాపసు ఇచ్చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే పైపులోకి పంపండి, దాంతో పాటు ఒక నైలాన్ తాడు కూడా లోపల వదిలేయండి. రేపు కేబుల్ మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టకుండా కొత్తదాన్ని లాక్కోవచ్చు.