ఇంజిన్ మాట ఆఖర్న మాట్లాడుకుందాం

అందరికీ నమస్కారం.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటూ, వారమంతా కార్ల కంపెనీల్లోనో వాటికి విడిభాగాలు చేసే కంపెనీల్లోనో పనిచేసి, శనివారం వచ్చేసరికి మళ్లీ కార్ల కబుర్లే చెప్పుకునే తెలుగువాళ్లం ఇంతమంది ఒకచోట చేరినందుకు చాలా సంతోషంగా ఉంది. మనలో ఒకాయన 1970 నాటి షెవర్లే షెవెల్ మాలిబు కొని, దాన్ని తనకు నచ్చినట్టు తయారు చేయించుకోవాలనుకుంటున్నారు. పోయినవారం నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఏ ఇంజిన్ పెట్టమంటారన్నా?" అని. ఈ గదిలో ఎవరిని అడిగినా ఒక జవాబు ఉంటుంది. ప్రతి జవాబూ ఏదో ఒక బండికి సరిపోతుంది కూడా. కానీ ఇంజిన్ ఆఖర్న తేల్చుకోవలసిన విషయమని నా గట్టి నమ్మకం. అది ఎందుకో చెప్పాలంటే ఈ కార్లు పుట్టిన నాటికి వెళ్లాలి.

ఇక్కడికి దగ్గర్లోనే పాంటియాక్ ఊరుంది. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్‌లో ఒక కట్టుబాటు ఉండేది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని. ఆ కంపెనీలోని పాంటియాక్ విభాగంలో ఛీఫ్ ఇంజినీరుగా ఉన్న జాన్ డెలోరియన్, ఆయనతో పనిచేసిన బిల్ కాలిన్స్, రస్ జీ కలిసి పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ను తమ మధ్యరకం కారైన టెంపెస్ట్‌లో కూర్చోబెట్టి చూశారు. సరిగ్గా సరిపోయింది. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి. అందుకని 1964లో టెంపెస్ట్ ల మాన్స్‌కు ఒక ఆప్షన్ ప్యాకేజీగా దాన్ని అమ్మారు. అదే జీటీఓ. మామూలుగా 325 హార్స్‌పవర్, మూడు కార్బ్యురేటర్లు పెట్టించుకుంటే 348. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. టైర్లు సన్నవి. జీటీఓలో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించుకునే వీలు 1967లో గాని రాలేదు. ఇలా మధ్యరకం కారులో పెద్ద ఇంజిన్ పెట్టినదాన్నే మజిల్ కారు అంటాం. అంటే ఆ ఊహలోనే ఒక అసమతుల్యం ఉంది. శక్తి ముందు వచ్చింది, దాన్ని ఆపేవి తర్వాత వచ్చాయి. ఆ బండ్లంటే నాకు ప్రాణం. 1964 నుంచి 1972 దాకా వచ్చిన ఆ రూపాలను మించిన కార్లు అమెరికా మళ్లీ చేయలేదని నేను అనుకుంటాను. అందుకే ఇవాళ మనం చేసే బండిలో ఆ లోటు మిగలకూడదంటున్నాను.

ముందుగా మాలిబు కొంటానన్న మన మిత్రుణ్ని ఒక కాగితం మీద రాసివ్వమన్నాను, ఈ బండి ఎందుకని. రాశారు. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల పండగ, డ్రీమ్ క్రూజ్‌కు తీసుకెళ్లాలి. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు, పిల్లలతో సహా ఐ-75 హైవే మీద ఉత్తరాన ఉన్న మ్యాకినా సిటీ దాకా వెళ్లిరావాలి. ఏసీ ఉండాలి. డ్రాగ్ రేసులకు వెళ్లే ఉద్దేశం లేదు. ఈ నాలుగు వాక్యాలు చాలు. ఇవి లేకుండా మనమిచ్చే సలహాలన్నీ మన మన బండ్లకు ఇచ్చుకునే సలహాలే.

ఇక బండి కొనడం. 1966 నుంచి 1968 దాకా షెవెల్ ఎస్‌ఎస్, అంటే బలమైన ఇంజిన్‌తో వచ్చే సూపర్ స్పోర్ట్, ఒక ప్రత్యేక మోడల్, కాబట్టి దాని గుర్తింపు సంఖ్య 138తో మొదలవుతుంది. 1969 నుంచి ఎస్‌ఎస్ కూడా ఆప్షన్‌గా మారింది. 1970లో ఎనిమిది సిలిండర్ల (వీ8) మాలిబుకీ, ఎస్‌ఎస్‌కీ అదే 136. అంటే ఆ సంఖ్య చూసి "ఇది నిజమైన ఎస్‌ఎస్" అని ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీలో బండితో పాటు తిరిగిన బిల్డ్ షీట్ ఒకటుంటుంది. చాలాసార్లు అది పెట్రోలు ట్యాంకు పైనో, సీటు స్ప్రింగుల మధ్యనో ఇప్పటికీ ఇరుక్కుని దొరుకుతుంది. అలాంటి రుజువు లేకుండా ఎస్‌ఎస్ ధర ఇవ్వొద్దు. బ్యాడ్జీలు, గీతలు ఎవరైనా అంటించవచ్చు. మనకైతే మామూలు మాలిబుయే మేలు. 307 క్యూబిక్ అంగుళాల మామూలు ఇంజిన్‌తో వచ్చిన మాలిబును కోసి, అతికి, మార్చుకుంటే చరిత్రకు నష్టం లేదు. అన్నిటికంటే బలమైన 454 ఎల్ఎస్6 ఇంజిన్ పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్న షెవెల్ దొరికితే మాత్రం దయచేసి దాని జోలికి వెళ్లొద్దు. దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టేవాళ్ల చేతికివ్వండి.

బండి దగ్గర మనం వెతకాల్సింది తుప్పు. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. షెవెల్‌కు కొన్ని చోట్లు ఉన్నాయి. వెనక అద్దం కింద గాడిలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ చిల్లు పడితే నీళ్లు డిక్కీలోకి దిగి అడుగురేకును తింటాయి. పైకప్పు మీద వినైల్ ఉంటే దాని కింద తేమ చిక్కుకుపోతుంది, పైకి ఏమీ కనపడదు. వెనక చక్రాల చుట్టూ రేకు, ముందు ఫెండర్ల కింది అంచులు, బాడీని ఛాసిస్‌కు కలిపే చోట్లు, వెనక చక్రం దాటాక ఛాసిస్ లోపలి వైపు, అన్నీ చూడాలి. షెవెల్‌కు విడిగా పూర్తి ఛాసిస్ ఉండటం మన అదృష్టం. మస్టాంగ్‌లో బాడీయే ఛాసిస్, కాబట్టి అక్కడ తుప్పు అంటే బండి వెన్నెముకకే తుప్పు. రేకుపని, పెయింటు, ఈ రెండే బడ్జెట్‌ను అన్నిటికంటే ఎక్కువ తినేస్తాయి. అందుకే ఇంజిన్ లేకపోయినా సరే, రేకు గట్టిగా ఉన్న బండి తీసుకోమంటాను. ఇంజిన్ ఎక్కడైనా దొరుకుతుంది.

ఇప్పుడు ప్రణాళిక. దీన్ని రోడ్డు దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి: టైరు, బ్రేకు, వెనక యాక్సిల్, గేర్‌బాక్స్, ఆ తర్వాత ఇంజిన్.

టైరు ఎంత వెడల్పు పడుతుందో కొలతతో తేలాలి, ఫొటో చూసి కాదు. చక్రం స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడూ, బండి గుంతలో పడి కిందికి దిగినప్పుడూ ఎక్కడా రాసుకోకూడదు. లోపల పట్టాల్సిన బ్రేకు డిస్కుల, వాటిని నొక్కి ఆపే క్యాలిపర్ల పరిమాణాన్ని బట్టి ఏ చక్రం కావాలో తేలుతుంది. అందుకే చక్రాలు ముందే కొనేసినవాళ్లు బ్రేకుల దగ్గర రాజీపడాల్సి వస్తుంది. బ్రేకుల సంగతి ఇంజినీర్లకు ఒక్క మాటలో చెబుతాను. 60 మైళ్ల వేగానికీ 80కీ తేడా మూడోవంతే, కానీ ఆపవలసిన శక్తి దాదాపు 78 శాతం ఎక్కువ.

ఇక్కడే ఒక ముఖ్యమైన ముడి ఉంది. మనందరికీ ఆ గుడగుడమనే ఐడిల్ శబ్దం, అంటే బండి ఆగి ఉండగా ఇంజిన్ చేసే శబ్దం, ఇష్టం. వుడ్‌వర్డ్ మీద సిగ్నల్ దగ్గర బండి ఆగి ఊగుతూ ఉంటే వంద గజాల దూరం నుంచే తల తిప్పి చూస్తాం. ఆ శబ్దం ఇంజిన్ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పెద్దది కావడం వల్ల వస్తుంది. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుని ఉండటం వల్ల ఐడిల్‌లో ఇంజిన్ వ్యాక్యూమ్, అంటే గాలిని లోపలికి పీల్చే బలం, పడిపోతుంది. పెడల్ నొక్కుడుకు బలం కలిపే పవర్ బ్రేకుల బూస్టర్ పనిచేసేది ఆ వ్యాక్యూమ్ మీదే. అంటే చెవికి ఇంపుగా ఉండాలని ఎంచుకున్న క్యామ్, పిల్లలు వెనక సీట్లో ఉండగా సిగ్నల్ దగ్గర పెడల్‌ను బిగుసుకుపోయేలా చేస్తుంది. దానికి పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రోబూస్ట్ పెట్టుకోవచ్చు. విడిగా వ్యాక్యూమ్ పంపు పెట్టుకోవచ్చు. లేదా కాస్త చిన్న క్యామ్‌తో సరిపెట్టుకోవచ్చు. ఏదైనా సరే, ముందే తెలిసి తీసుకున్న నిర్ణయమైతే చాలు. ఏసీ కంప్రెసర్ కూడా ఆ బలహీనమైన ఐడిల్ మీదే భారం వేస్తుందని మర్చిపోవద్దు. మన మిత్రుడి కాగితంలో అమ్మానాన్న ఉన్నారు, ఏసీ ఉంది, కాబట్టి నేను చిన్న క్యామ్‌కే ఓటు వేస్తాను.

గేర్ల దగ్గర ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు మైళ్లలో వేగాన్ని యాక్సిల్ రేషియోతో (చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకెతో), 336తో గుణించి, అంగుళాల్లో టైరు ఎత్తుతో భాగిస్తే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 26 అంగుళాల టైరు, 4.10 యాక్సిల్, ఓవర్‌డ్రైవ్, అంటే హైవే మీద ఇంజిన్ చుట్లు తగ్గించే పైగేరు, లేని పాత టర్బో 350 గేర్‌బాక్స్ అనుకోండి. 70 మైళ్ల వేగంలో దాదాపు 3,700 చుట్లు. మ్యాకినా దాకా నాలుగు గంటలపాటు ఆ హోరు భరించాలి. ఇప్పుడు 3.73 యాక్సిల్ వేసి, 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 4ఎల్60ఈ గేర్‌బాక్స్ పెట్టి, లెక్కను ఆ 0.70తో కూడా గుణించండి. అదే వేగంలో 2,360. మరి పికప్ తగ్గిందా? టర్బో 350లో మొదటి గేరు 2.52. దాన్ని 4.10తో గుణిస్తే 10.3. 4ఎల్60ఈలో మొదటి గేరు 3.06. దాన్ని 3.73తో గుణిస్తే 11.4. అంటే బయల్దేరేటప్పుడు లాగుడు పెరిగింది, హైవే మీద ఇంజిన్‌కు ఊపిరి దొరికింది. ఇంజిన్‌ను ముట్టుకోకుండానే బండి స్వభావం మారిపోయింది. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ఇంజినీరింగ్ మీద ప్రేమ మళ్లీ పుడుతుంది.

యాక్సిల్ సంగతి క్లుప్తంగా. మాలిబుకు వచ్చిన 10 బోల్టుల యాక్సిల్ మామూలు 350 ఇంజిన్ వరకు ఫరవాలేదు. బలమైన ఇంజిన్, పట్టు ఉన్న టైర్లు వేస్తే 12 బోల్టులదో, ఫోర్డ్ 9 అంగుళాలదో కావాలి. షెవర్లేలో ఫోర్డ్ యాక్సిలా అని నొచ్చుకునేవాళ్లు మనలో ఉన్నారు, వాళ్ల మాట నేను కాదనను.

ఇప్పటికి ఇంజిన్ దగ్గరికొచ్చాం. వచ్చేసరికి ఎంపిక దాదాపు తేలిపోయింది, చూశారా? కావలసింది హైవే మీద చల్లగా, సాఫీగా నడిచేది, ఐడిల్‌లో ఏసీని మోసేది. దారులు రెండు. ఒకటి షెవర్లే పాత తరం చిన్న వీ8, స్మాల్ బ్లాక్ 350. కావాలంటే అందులో 400 ఇంజిన్ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న క్రాంక్ వేసి, సిలిండర్ల వ్యాసాన్ని అంగుళంలో 30 వేలవంతులు పెంచి 383 చేసుకోవచ్చు. బోనెట్ ఎత్తితే ఆ కాలపు రూపం కనపడుతుంది. విడిభాగాలకు కొదవలేదు. పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే జింక్ తగినంత ఉన్న ఆయిలే పోయాలి, లేకపోతే క్యామ్ అరిగిపోతుంది.

రెండోది జనరల్ మోటార్స్ కొత్త తరం వీ8లైన ఎల్ఎస్ వంశం, పాత ఎల్ఎస్6తో దీనికి సంబంధం లేదు. 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 మొదలు, 1999 నుంచి పికప్ ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇంజిన్ల దాకా. ట్రక్కు ఇంజిన్లు జంక్‌యార్డుల్లో సులువుగా దొరుకుతాయి. కానీ "ఇంజిన్ చవకగా వచ్చింది" అని అక్కడితో లెక్క ఆపేయొద్దు. కార్బ్యురేటర్‌కు పెట్రోలు ఆరేడు పీఎస్ఐ ఒత్తిడితో వస్తే చాలు, దీనికి 58 కావాలి. అంటే ట్యాంకులో పంపు, కొత్త పైపులు, రెగ్యులేటర్. ఆయిల్ పాన్ షెవెల్ క్రాస్‌మెంబర్‌కు తగలకుండా మార్చాలి. మౌంట్లు, ఎగ్జాస్ట్ హెడర్లు, వైరింగ్, కంప్యూటర్ ట్యూనింగ్, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు, వాటిని మోసే ఆల్టర్నేటర్, ఇవన్నీ అదే కాగితంలో రాయాలి. హార్స్‌పవర్ అంకెలు పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. 1970 ఎల్ఎస్6కు రాసిన 450 గ్రాస్ లెక్క, ఇంజిన్‌ను స్టాండు మీద విడిగా కొలిచింది. 1972 నుంచి రాసేది నెట్ లెక్క, కారులో ఉండే భాగాలన్నీ తగిలించి కొలిచింది. 2008 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్3కి రాసిన 430 నెట్. కాబట్టి చిన్న అంకె కనపడిందని చిన్నచూపు చూడకండి. ఈ బండికి నేనైతే 5.3కే మొగ్గుతాను. 383 అనేవాళ్లు తర్వాత నాతో వాదించండి, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇక తోటివాళ్ల సాయం. మన బృందంలో వెల్డింగ్ వచ్చినవాళ్లున్నారు, కంపెనీలో బ్రేకుల విభాగంలో పనిచేసేవాళ్లున్నారు, వైరింగ్ హార్నెస్ డిజైన్ చేసేవాళ్లున్నారు. మన వీధుల్లోనే, ఫ్యాక్టరీ లైన్ల మీద పనిచేసి రిటైరైన అమెరికన్ పెద్దవాళ్లున్నారు. వాళ్లకు తెలిసినంత ఏ మాన్యువల్‌లోనూ లేదు. వాళ్లను పలకరించండి, కాఫీకి పిలవండి. అయితే "ఏది బాగుంటుంది?" అని అడిగితే ఎవరి ఇష్టం వాళ్లు చెబుతారు. మీ కాగితం చేతికిచ్చి "ఇందులో నేను ఏం మర్చిపోయాను?" అని అడగండి. అప్పుడు వాళ్ల అనుభవం బయటికొస్తుంది. ఒక్కో విషయానికి ఒక్కరిని పెద్దగా పెట్టుకోండి. రంగు, సీట్లు, శబ్దం మాత్రం బండి యజమాని ఇష్టం. అక్కడ మనం నోరు కట్టుకోవాలి.

సాయానికి వచ్చినవాళ్ల సమయం విలువైనది. వాళ్లు వచ్చే రోజుకు భాగాలు, పనిముట్లు సిద్ధంగా ఉండాలి, యజమాని పక్కనే ఉండాలి, మధ్యాహ్నానికి మంచి భోజనం పెట్టాలి. బ్రేకులు, స్టీరింగ్, పెట్రోలు పైపులు ఎవరు బిగించినా, బిగించనివాళ్లు ఒకరు రెంచి పట్టుకుని మళ్లీ చూడాలి. దీన్లో మొహమాటం వద్దు. వెనక సీటుకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టులు పెట్టించాలని, వాటి బిగింపు తెలిసినవాళ్ల చేతే చేయించాలని మరీ మరీ చెబుతున్నాను.

పని వరసలో ఒక్కటే పట్టుబడతాను. పెయింటుకు ముందే బండినంతా ఒకసారి కూర్చాలి. ఇంజిన్, గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్, ఏసీ పెట్టె, అన్నీ. తొలిచే రంధ్రాలు, వేసే వెల్డులు అప్పుడే అయిపోవాలి. తలుపుల సందులు సరిచూసుకున్నాక విప్పి, ప్రతి బోల్టునూ సంచిలో వేసి పేరు రాసి, అప్పుడు రంగుకు పంపాలి.

ఆయన చూసిపెట్టుకున్న మాలిబు ఫ్లింట్ ఊరి అవతల ఒక షెడ్డులో ఉంది. వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరుతున్నాం. మూడు కార్లలో చోటుంది. రేకు మీద పుట్టీ ఎక్కడుందో పట్టుకోవడానికి అయస్కాంతం నేను తెస్తాను. జాకీ, స్టాండ్లు, మంచి టార్చిలైటు, పాత బట్టలు ఎవరైనా తెండి. వెల్డింగ్ తెలిసినవాళ్లు ఒకరు తప్పకుండా రావాలి, ఛాసిస్ చూసి "కొనొచ్చు" అనో "వద్దు" అనో తేల్చవలసింది మీరే. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, 383 వాళ్లతోనే మొదలుపెడదాం.