చలికాలంలో పెట్రోలు ఇంజన్: రాత్రి ట్యాపు తిప్పినావా?

శ్రోతలందరికీ నమస్కారం.

మార్గశిరం వచ్చిందంటే మొగిలి ఘాటు కింద ఒక చలి, ఘాటు పైన ఒక చలి. చిత్తూరులో, తిరుపతిలో పలుచని దుప్పటితో గడిచిపోయే రోజుల్లోనే, ఘాటెక్కి పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట వైపు వెళితే తెల్లవారుజామున పొలం గట్ల మీద మంచు దిగి పదడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనబడడు. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న నేల అది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ 13, 14 డిగ్రీలకు దిగడం మామూలే. ఆ వేళ ఆ పొలాల్లో వినబడే ఒక చప్పుడు గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. తాడు లాగిన చప్పుడు, ఇంజన్ ఒక్కసారి దగ్గి ఊరుకున్న చప్పుడు, మళ్లీ తాడు లాగిన చప్పుడు.

మన దగ్గర ట్రాక్టర్లు దాదాపు అన్నీ డీజిలువే కాబట్టి, పెట్రోలు ట్రాక్టరు అంటే చాలామందికి కొత్తగా ఉంటుంది. అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ ఒకప్పుడు పొలాలు దున్నినవి ఎక్కువగా పెట్రోలు ట్రాక్టర్లే, కిరోసిన్ ట్రాక్టర్లే. మనకు పెట్రోలు ఇంజన్ పరిచయమైంది బావి మీది పంపుసెట్టుగా. ఇప్పుడు కలుపు తీసే వీడరుగా, మందు కొట్టే పవర్ స్ప్రేయరుగా మన చేతిలో ఉంది. యంత్రం పెద్దదైనా చిన్నదైనా చలిలో దాని కష్టం ఒక్కటే గనుక, నాకు బాగా తెలిసిన ఒక చిన్న ఇంజన్ కథతో మొదలుపెడతాను.

మా మేనమామది పలమనేరు దగ్గర ఒక పల్లె. 1980లలో ఆయన బావి మీద పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్ మీద నడిచే ఇంజన్ ఒకటి ఉండేది. దాని ట్యాంకులో రెండు గదులు, పెట్రోలుకు చిన్నది, కిరోసిన్‌కు పెద్దది. రెండింటి గొట్టాలూ వచ్చి ఒకే ఇత్తడి ట్యాపులో కలిసేవి. ట్యాపు పిడి ఎడమకు తిప్పితే పెట్రోలు, కుడికి తిప్పితే కిరోసిన్, మధ్యలో నిలిపితే రెండూ బంద్. పొద్దున పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజన్ చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కిన తరువాత కిరోసిన్‌కు మార్చడం అందరూ చేసే పనే. సాయంత్రం ఆపడానికి ఐదు నిమిషాల ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి, ఆ తరువాతే ఆపాలి. ఈ రెండో పనిని అందరూ చేయరు.

ఆ బావి ముగ్గురు అన్నదమ్ములది. నీళ్లకు వంతులుండేవి. తెల్లవారుజామున నాలుగు నుంచి పది దాకా మామ వంతు. పది గంటల తరువాత ఇంజన్ ఆయనదే అయినా నీళ్లు ఆయనవి కావు. అందువల్ల నాలుగు గంటలకు ఇంజన్ స్టార్ట్ కావడమంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు.

నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. సంక్రాంతి సెలవులకు ఆ ఊరు వెళ్లాను. ముందురోజు ఎవరో తమ వంతును మామకు ఇచ్చినందువల్ల ఇంజన్ చీకటిపడే దాకా నడిచింది. వెళ్లి ఆపి రమ్మని మామ నన్ను పంపాడు. చీకట్లో బావి దగ్గర ఒక్కణ్ణే ఉండడానికి నాకు భయం వేసింది. ట్యాపును మధ్యకు తిప్పి, సిలిండరులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ మీది రేకును నొక్కి ఇంజన్ ఆపి, ఇంటికి పరుగెత్తాను. సంగటి ముందు కూర్చున్నప్పుడు మామ అడిగాడు, "ట్యాపు తిప్పినావా అబ్బోడా?" అని. తిప్పినానన్నాను. నేను అబద్ధం చెప్పలేదు, నిజంగానే తిప్పాను.

మర్నాడు నాలుగు గంటలకు మామ పుల్లీకి తాడు మూడు చుట్లు చుట్టి లాగాడు. ఏమీ లేదు. మళ్లీ చుట్టి లాగాడు, లేదు. ఇరవైసార్లు లాగి ఉంటాడు. ఆ చలిలో ఆయన బనియను తడిసిపోయింది. అప్పుడు తాడు పక్కన పెట్టి, లాంతరు దూరంగా గట్టు మీద పెట్టించి, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటరు కింది మర విప్పి, దాని గిన్నెలో నిలిచి ఉన్నదాన్ని నా అరచేతిలోకి వంచాడు. "ఆరుతుందా చూడు" అన్నాడు. చూశాను. పెట్రోలు అరచేతిలో పడితే చుర్రుమని చల్లబడి మనం చూస్తుండగానే మాయమవుతుంది. ఇది మాయం కాలేదు. నూనెలాగా జిడ్డుగా, వేళ్ల సందుల్లోకి పారుతూ అలాగే ఉండిపోయింది. కిరోసిన్.

"ట్యాపు తిప్పినావా?" అని మళ్లీ అడిగాడు మామ. తిప్పినానన్నాను. "ఏ పక్కకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన నన్ను తిట్టలేదు. ప్లగ్ విప్పి, నా చేతిలో పెట్టి, ఇంటికి పరుగెత్తమన్నాడు. ఇంటి వెనుక అత్త నీళ్ల పొయ్యి రాజేసి ఉంది. కిరోసిన్‌తో తడిసి, మసి పట్టిన ఆ ప్లగ్‌ను అత్త గుడ్డతో తుడిచి, పటకారుతో పట్టుకుని నిప్పుల పక్కన, మంటలో కాదు, పక్కనే పెట్టి, తడి పూర్తిగా ఆరి ఇనుము బాగా వేడెక్కిన తరువాత పాత గోనెపట్టా ముక్కలో చుట్టి ఇచ్చింది. రెండు కయ్యలు దాటి నేను పరుగెత్తుకుని వచ్చేలోపల, మామ గిన్నెను పెట్రోలుతో కడిగి, ప్లగ్ రంధ్రం తెరిచి ఉంచే నాలుగైదు సార్లు తాడు లాగి, సిలిండరులో చేరిన కిరోసిన్‌ను బయటికి ఊదించాడు. వేడి ప్లగ్‌ను బిగించి, ట్యాపు ఎడమకు తిప్పి, గిన్నె నిండేదాకా ఆగి, గాలి దారికి మూతలాంటి చోక్ మూసి లాగాడు. మూడో లాగుకు అంటుకుంది. అప్పటికి ఆరు దాటింది. ఆ రోజు టమాటా తోటలో చివరి సాళ్లకు నీళ్లందలేదు. పది కాగానే పెద్దమామ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు, ఈయన మారుమాట లేకుండా కాలువ మళ్లించాడు. ఎండిన ఆ సాళ్లు నాకిప్పటికీ కళ్లముందున్నాయి.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, చలిలో పెట్రోలు ఇంజన్ గురించి తెలుసుకోవలసినదంతా ఆ రెండు గంటల్లోనే ఉంది. ఇంజన్‌లో కాలేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. ద్రవంగా ఉన్నంతసేపు అది నిప్పురవ్వకు అంటుకోదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. కిరోసిన్‌కు అదే ఆవిరి రావాలంటే దాదాపు 35 డిగ్రీల వేడి కావాలి. పలమనేరు చలిలో ఆ వేడి ఎక్కడుంది? ఇంజన్ కాగి ఉన్నప్పుడు గొట్టాల వేడికి కిరోసిన్ ఆవిరవుతుంది కాబట్టి పగలంతా నడుస్తుంది. చల్లారిన తరువాత గిన్నెలో మిగిలింది కిరోసినే అయితే, ఎంత బలవంతుడు లాగినా స్టార్ట్ కాదు. అందుకే ఆపేముందు గిన్నెలోకి పెట్రోలు రావాలి. అందుకే రాత్రి ట్యాపు తిప్పాలి.

1917లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు పద్ధతి కూడా అచ్చంగా మా మామ ఇంజన్ పద్ధతే. పెట్రోలుతో స్టార్ట్ చేయాలి, కాగిన తరువాత కిరోసిన్‌కు మార్చాలి. చలికాలంలో మొండికేయడంలో ఆ ట్రాక్టరుకు పెద్ద పేరుండేది, ఎందుకంటే అక్కడి చలి సున్నాకు దిగువన ఇరవై, ముప్పై డిగ్రీలు. ఆ చలికి నూనె పాకంలా గట్టిపడి, హ్యాండిలు తిప్పడమే గగనమయ్యేది. అక్కడి రైతులు రాత్రి రేడియేటరు నీళ్లను దించేసి, పొద్దున కాగిన నీళ్లు పోసేవారు. ఇంజన్ ఆయిలును వేడిగా ఉండగానే డబ్బాలోకి దించి, రాత్రంతా పొయ్యి దగ్గర ఉంచి, తెల్లవారాక తిరిగి పోసేవారు. 1947 నుంచి 1952 దాకా తయారై ఐదు లక్షలకు పైగా అమ్ముడైన ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరుకు సెల్ఫ్ స్టార్టరు ఉన్నా, దాని బ్యాటరీ 6 వోల్టులదే. ఆ గడ్డకట్టే చలిలో ఏ బ్యాటరీ శక్తయినా సగానికి పడిపోతుంది కాబట్టి, దాన్ని విప్పి ఇంట్లోకి తెచ్చి పెట్టుకునేవారూ ఉన్నారు. చూడండి, వీటిలో సగం పనులు రాత్రి చేసేవే. ఆ దేశపు రైతుకూ మా మామకూ పరిచయం లేదు, అయినా ఇద్దరూ సాయంత్రమే తెల్లవారి సంగతి చూసుకున్నారు.

ఇప్పుడు మన వీడర్ల సంగతికి వస్తాను. వీటిలో కిరోసిన్ లేదు, రెండు వైపుల ట్యాపు లేదు. అయినా మా మామ ప్రశ్న మారలేదు. ఈనాటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడిని తీసుకుంటుంది. బ్రెజిల్‌లో ఇథనాల్‌తో నడిచే కార్లలో చలి ఉదయాల కోసం ఒక చిన్న పెట్రోలు డబ్బాను వేరుగా అమర్చేవారు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. కిందటి పంటకు పోసిన పెట్రోలు మూడు నాలుగు నెలలుగా ట్యాంకులోనే ఉంటే, త్వరగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది తేమ పట్టి, గిన్నెలో జిగురు కట్టి ఉంటుంది. ఆ జిగురు జెట్ అనే సూది రంధ్రాన్ని మూసేస్తుంది. వీడరును నెలకు పైగా కొట్టంలో పెట్టబోతున్నారంటే, ట్యాంకు పెట్రోలు దించేసి, ట్యాపు మూసి, ఇంజన్‌ను దానంతట అది ఆగేదాకా నడపండి. గిన్నె ఖాళీ అవుతుంది. ఆ సాయంత్రపు ఐదు నిమిషాలు మీకు ఒక పొద్దుటి కూలిని మిగులుస్తాయి.

ఇక తెల్లవారి పనిలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది చోక్ గురించే. మెకానిక్కు దగ్గరికి వచ్చే వీడర్లలో చాలావాటికి రోగం లేదని, చోక్ తెలియకపోవడమే వాటి రోగమని నా నమ్మకం. చలిలో పెట్రోలు అంతా ఆవిరి కాదు, అందులో తేలికైన కొంత భాగమే అవుతుంది. ఆ కొంత సరిపోవాలంటే ఎక్కువ పెట్రోలు పోవాలి, గాలి తగ్గాలి. చోక్ చేసేది ఆ గాలిని మూయడమే. కాబట్టి ట్యాపు తెరిచి ఒక నిమిషం ఆగండి, గిన్నె నిండనివ్వండి. చోక్ పూర్తిగా మూయండి. తాడును మొదట మెల్లగా, బిగువు తగిలేదాకా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. ఇంజన్ దగ్గగానే చోక్‌ను సగానికి తెరవండి. ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నడిచాక పూర్తిగా తెరవండి. దగ్గిన తరువాత కూడా చోక్ మూసే ఉంచి లాగుతూ పోతే, సిలిండరు పెట్రోలుతో తడిసిపోతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే అదే జరిగిందని అర్థం. అప్పుడు చోక్ తెరిచి, రేజు పూర్తిగా ఇచ్చి నాలుగైదు సార్లు లాగండి. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి, తుడిచి, ఆరనివ్వండి. ప్లగ్‌ను వేడి చేయదలిస్తే మా అత్తలాగా ఇంట్లోనే, పెట్రోలుకు దూరంగా వేడి చేయండి. ఇంజన్ దగ్గర మాత్రం ఏ నిప్పూ వద్దు. తలుపులు మూసిన కొట్టంలో స్టార్ట్ చేయవద్దు, ఆ పొగలో ప్రాణం తీసే గాలి ఉంది. విడి తాడు చుట్టి లాగే పాత ఇంజన్లయితే, తాడును అరచేతికి చుట్టుకోవద్దు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు పోతుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. వీడరు కొన్నప్పుడు ఇచ్చే పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, దాన్ని అట్టపెట్టెతో పాటే అటకెక్కిస్తాం. యంత్రాన్ని తెలుగు రైతుకు అమ్మేవాళ్లు చోక్ ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో తెలుగులో ఒక చీటీ రాసి ట్యాంకు మీద అంటించవచ్చు. అదేమీ పెద్ద ఖర్చు కాదు. అమ్మేవాళ్లు చేయకపోతే, ఇంట్లో చదువుకునే పిల్లల చేత మీరే రాయించి అంటించండి. అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ఆ నాలుగు వాక్యాలు రాసిన పిల్లలు ఆ ఇంజన్‌ను మరి మరిచిపోరు.

రేపు టౌనుకు వెళ్లినప్పుడు కొత్త ప్లగ్ ఒకటి తెచ్చి, గుడ్డలో చుట్టి, తడి తగలని చోట పెట్టుకోండి. అంగడిలో చూపించడానికి పాత ప్లగ్‌ను వెంట తీసుకెళ్లండి, మర పొడవు తేడా వస్తే లోపల పిస్టన్‌కు తగులుతుంది. ఈ సాయంత్రం మాత్రం ఒకసారి కొట్టంలోకి వెళ్లి, వీడరు ట్యాంకు మూత తీసి, అందులో ఉన్నది ఏనాటి పెట్రోలో చూడండి.

నమస్కారం.