పసుపు మేఫ్లైకి వెట్ ఫ్లై: బరంపురం పట్టుదారం పనికొస్తుందా?

అందరికీ నమస్కారమండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ రివ్యూ చేసేది దారం. బరంపురంలో మన తెలుగు నేతవాళ్ళ దగ్గర చీర నేశాక మిగిలిపోయే పట్టుదారం. మహేంద్రతనయ నది ఒడ్డున కనిపించే పసుపు మేఫ్లై అనే పురుగును పోలిన వెట్ ఫ్లైని, అంటే గాలపు ముల్లు మీద దారం, ఈక చుట్టి చేసే, నీళ్ళలో మునిగే ఎరను, దీంతో కట్టొచ్చా, మామూలు పాలిస్టర్ దారమే మేలా అన్నది చూద్దాం.

ముందు పురుగును చూడండి, ఫొటో పెద్దది చేస్తున్నాను. ఒళ్ళు నిమ్మపండు పసుపు, పక్కన ఇటుకరంగు చారలు, నిటారుగా నిలబడిన పల్చని రెక్కలు, వెనక రెండు తోకలు. రాత్రి లైటు దగ్గర గోడ మీద వాలితే ఉసిళ్ళనుకుంటాం. ఉసిళ్ళు చెదల జాతి, ఇది వేరు. ఇది నీళ్ళలో పెరుగుతుంది, రెక్కలొచ్చాక ఏమీ తినదు. రెక్కలొచ్చిన తర్వాత కూడా ఇంకోసారి చర్మం విడిచే పురుగులు మేఫ్లైలు మాత్రమే. నాకు ఎంత చూసినా తనివి తీరదండీ.

వెట్ ఫ్లై ఎందుకంటే, కొన్ని రకాల మేఫ్లైలు నీటి అడుగునే పాత చర్మం విడిచి రెక్కలతో పైకొస్తాయి. ఇంకొన్ని రకాల్లో ఆడవి గుడ్లు పెట్టడానికి నీళ్ళలోకి దిగుతాయి. అంటే చేప నోటికి తడిసిన పురుగు కూడా బాగానే అందుతుంది. కాబట్టి మనం కట్టే ఫ్లై రంగును చేతిలో పెట్టుకుని చూడకూడదు, నీళ్ళలో చూడాలి.

ఇదిగో రెండు గ్లాసులు. 14 నంబరు గాలపు ముల్లు మీద ఒకటి పాలిస్టర్‌తో, ఒకటి పట్టుతో కట్టాను. పొడిగా ఉన్నప్పుడు పాలిస్టర్‌దే అందంగా ఉంది, ఒప్పుకోవాలి. ఇప్పుడు ముంచుతున్నాను. పాలిస్టర్ పెద్దగా మారలేదు, రంగు వేసినట్టే ఉంది. పట్టు చూడండి, ఒక ఛాయ ముదిరింది, లోపలి నుంచి వెలుతురు వస్తున్నట్టుంది. పురుగు పొట్ట అచ్చం ఇలాగే ఉంటుంది. తేనెమైనం రాస్తే ఇంకా ముదురుతుంది, పసుపు కాస్తా ఆకుపచ్చ వైపు పోతుంది. ఈ పురుగుకి మైనం తక్కువే రాయండి.

దారం అడిగేటప్పుడు పేక దారం, అంటే మగ్గం మీద అడ్డంగా నేసేది, అడగండి. నిలువుగా ఉండే పడుగుకి మెలి ఎక్కువ, గట్టిగా ఉంటుంది కానీ ముల్లు మీద గుండ్రంగా లేస్తుంది. పేకకి మెలి తక్కువ, చదునుగా పరుచుకుంటుంది. పక్క చారలకి ఇటుకరంగు పోగు ఒక్కటి, ఎడంగా నాలుగు చుట్లు. జరీ కూడా చుట్టి చూశాను, వద్దండీ. ఈ పురుగులో ఆ మెరుపు లేదు.

ఫ్లై మెడ దగ్గర చుట్టే ఈకకి నాటుకోడి పెట్ట మెడ ఈక చాలు. పుంజు ఈక బిరుసు, అది నీటిపైన తేలే ఫ్లైకి. పెట్ట ఈక మెత్తగా ఉండి ప్రవాహంలో కదులుతుంది. రెండు చుట్లే వేయండి. మూడోది వేస్తే పురుగు ఆకారం పోయి కుచ్చులా అవుతుంది. విదేశీ వీడియోల్లో కౌజు ఈక వాడతారని మన కౌజుల జోలికి వెళ్ళకండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, దాన్ని పక్కన పెట్టినా ఒక ఈక కోసం పిట్టను చంపడం నాకు ఇష్టం లేదు.

పట్టులో లోపాలూ ఉన్నాయి. గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది, గరుకు వేళ్ళకి పోగులు లేస్తాయి. తడి ఆరకుండా డబ్బాలో పెడితే కుళ్ళిపోతుంది. అందుకే తల ముడి మాత్రం నేను పాలిస్టర్‌తోనే వేస్తాను, ఒళ్ళంతా పట్టుతో.

వాడటానికి ముందు ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కేన్ని ప్లయర్‌తో నొక్కేయండి. మన వాగు చేపలు చిన్నవి, నోరు చిరగకుండా వదిలేయొచ్చు. ప్రవాహానికి అడ్డంగా వేసి, గాలపు దారం కొంచెం బిగువుగా ఉంచి, కిందికి కొట్టుకుపోనివ్వండి. ఫ్లై తిరిగి పైకి లేచే చోటే చేప పట్టుకుంటుంది, చెయ్యి అక్కడ సిద్ధంగా ఉండాలి.