కి, ట మధ్యలో ఒక స్వరం: మ్యూజ్‌స్కోర్ 4 రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, టేబుల్ మీదున్న ఈ కీబోర్డు ఒక షాపు వాళ్ళు వీడియో కోసం ఇచ్చారు, నెలాఖరుకి తిరిగిచ్చేయాలి. మ్యూజ్‌స్కోర్ (పాశ్చాత్య పద్ధతిలో సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్) మాత్రం అందరికీ ఉచితమే కాబట్టి దాని తరఫున నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. ఫీచర్ల లిస్టు మీరు ఈపాటికే చూసుంటారు, అందుకే నేను ఒక్క విషయమే పట్టుకుంటాను: కింది స్టాఫ్ నుంచి పై స్టాఫ్‌కి ఎగబాకే స్వరాలు. స్టాఫ్ అంటే స్వరాలు రాసే అయిదు గీతల వరుస; పియానోకి మామూలుగా పైది కుడి చేతికి, కిందిది ఎడమ చేతికి.

ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యుసీ పియానోకి రాసిన మొదటి అరబెస్క్ చూడండి. మొదటి బారులోనే (అంటే మొదటి ఆవర్తంలోనే) ట్రిప్లెట్లు, అంటే రెండు స్వరాల చోట మూడు పట్టే గుంపులు, ఎడమ చేతిలో మొదలై కుడి చేతిలోకి వెళ్ళిపోతాయి. ఇంతకుముందు నేను డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఇవి సగం కింద, సగం పైన రాసి, మధ్యలో వచ్చే రెస్టులన్నీ (మౌనం గుర్తులు) ఒక్కొక్కటే దాచుకుంటూ కూర్చునేవాణ్ణి, ఆ తర్వాత ఒక్క స్వరం మార్చినా స్వరాలని కలిపే అడ్డగీత, అదే బీమ్, తెగిపోయేది. ఒక్క పేజీకి రెండు రాత్రులు పట్టింది! ఆ చిరాకు నాకింకా పోలేదు.

ఇక్కడేమో లయ మొత్తం కింది స్టాఫ్‌లోనే రాసేయాలి. కంట్రోల్ 3 కొడితే ట్రిప్లెట్. తర్వాత పైకి వెళ్ళాల్సిన స్వరాలు సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, పై బాణం. చూశారా, స్వరాలు పైకెళ్ళాయి, బీమ్ తెగలేదు! పైన మిగిలిన రెస్టుని సెలెక్ట్ చేసి వి నొక్కితే తెర మీద బూడిద రంగులో ఉంటుంది, ప్రింటులో రాదు. డోరికో అని ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్లో ఇదే పని ఎన్, ఎమ్ అక్షరాలతో అయిపోతుంది, ఇంకా సులువే, కానీ దాని పూర్తి వెర్షన్ కొనుక్కోవాలి.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. కాస్త ముందుకెళ్తే కుడి చేతికి మూడు, ఎడమ చేతికి రెండు వస్తాయి. మనవాళ్ళు తకిట అని లెక్కపెడతారు కదా, ఎడమ చేతి రెండో స్వరం సరిగ్గా కి, ట మధ్యలో పడాలి. స్పేసింగ్ కూడా అలాగే వస్తుంది, స్వరం తల అక్కడే, ఆ మధ్యలోనే నిలబడుతుంది. నా స్టూడెంట్లకి నెలల తరబడి నోటితో చెప్పినా ఎక్కనిది, ఈ ప్రింటు చూపించాక ఒక్క క్లాసులో పట్టుకున్నారు. దీని తర్వాత మిగతా ఫీచర్లు ఎలా ఉన్నా నాకు అనవసరం, నేను ఇదే వాడతాను.

ఇప్పుడు ప్లే నొక్కుతున్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడమ చేతి మీద చెవి పెట్టండి.