గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్లు

(హైదరాబాదులో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో ఏర్పాటైన చిత్రకళా ప్రదర్శన ప్రారంభ సభలో ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ హాలును అడగగానే ఇచ్చిన కాలనీ సంక్షేమ సంఘం వారికి, ఈ గోడల మీద తమ బొమ్మలు పెట్టుకున్న యువ చిత్రకారులకు, వాళ్ల తల్లిదండ్రులకు, ఒకప్పుడు నా దగ్గర బడిలో గీతలు నేర్చుకుని ఇవాళ తలలు నెరిసినా నన్ను చూడగానే లేచి నిలబడ్డ నా పాత విద్యార్థులకు నమస్కారం. కూర్చోండి నాయనా. జ్యోతి ప్రజ్వలన అయింది, శాలువలు కప్పడమూ అయింది. ఆ శాలువల డబ్బుతో ఎడమవైపు గోడకు రెండు లైట్లు పెట్టించి ఉంటే ఇంకా సంతోషించేవాడినని నిర్వాహకులకు సవినయంగా మనవి చేసి, విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం ‘హైదరాబాదు సమకాలీన చిత్రకళ: గ్యాలరీల పాత్ర’. ఈ నగరంలో గ్యాలరీలు లేవని ఎవరూ అనలేరు. కావూరి హిల్స్ దగ్గర ప్రభుత్వ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కు అదే ప్రధాన వేదిక. బంజారాహిల్స్‌లో 2002 నుంచి కళాకృతి నడుస్తున్నది. సృష్టి ఉంది, ధి ఆర్ట్‌స్పేస్ ఉంది. మాసబ్‌ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ కళాశాల నుంచి, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ నుంచి ఏటా పిల్లలు పట్టాలు పుచ్చుకుని బయటికి వస్తూనే ఉన్నారు. కాబట్టి గోడలున్నాయి, గీసేవాళ్లున్నారు, అడపాదడపా కొనేవాళ్లూ ఉన్నారు. చూసేవాళ్ల సంగతే నేను మాట్లాడదలచుకున్నాను.

చాలా ఏళ్ల కిందట మా సర్కారు బడి పిల్లలను కొందరిని వెంటబెట్టుకుని నగరంలోని ఒక ప్రైవేటు గ్యాలరీకి వెళ్లాను. దాని పేరు చెప్పను. రెండు బస్సులు మారి, ఎండలో ఎత్తు ఎక్కి వెళ్లాము. గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, ‘కిస్‌సే మిల్‌నా హై?’ అని అడిగాడు. ఎవరిని కలవాలని చెప్పను? బొమ్మలను కలవాలని చెప్పాను. అతను లోపలికి ఫోను చేశాడు. లోపలి నుంచి ఎవరో, ఇవాళ రద్దీగా ఉంది, ముందుగా ఉత్తరం రాసి రమ్మన్నారట. గాజు తలుపులోంచి లోపలి గది కనిపిస్తూనే ఉంది. అందులో మనిషి అన్నవాడు లేడు. ఒక పిల్లవాడు ఆ గాజుకు ముఖం ఆనించి దూరంగా ఉన్న ఒక ఎర్రని బొమ్మను చూస్తుంటే, మరక పడుతుందని అతన్ని పక్కకు జరిపారు.

ఆ వాచ్‌మన్ మీద నాకు కోపం లేదు. అతనికి చెప్పిన పని అతను చేశాడు. గ్యాలరీ నడిపేవారి కష్టమూ నాకు తెలియనిది కాదు. బంజారాహిల్స్ లాంటి చోట్ల అద్దెలు, ఏసీ కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు, నెలల తరబడి ఒక్క బొమ్మా కదలని రోజులు, ఇవన్నీ అమ్మకంలో వచ్చే కమిషన్‌ మీదే గడవాలి. అందుకే వాళ్ల చూపు కొనేవాడి మీద ఉంటుంది. అది వ్యాపారం, తప్పు పట్టను. అయితే నగరానికి కళ అంటే అదొక్కటే అయిపోతే నా అభ్యంతరం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ఆ ఊరి మనుషులనూ మేకలనూ ఎచింగుల్లో, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మల్లో, నిలిపారు. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన వైకుంఠం గారు పెద్ద బొట్టు, ముక్కుపుడక, నిండు రంగుల చీర కట్టిన తెలంగాణ ఆడవాళ్లను దేశమంతటి గోడల మీదికి ఎక్కించారు. ఆ బొమ్మలోని ఆడమనిషే నడిచి వచ్చి ఆ గేటు ముందు నిలబడితే, ఆమెనూ ఎవరిని కలవాలనే అడుగుతారు.

ఇప్పుడు నేను చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారి సంగతి చెప్పాలి. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, అయినా చెప్పాలి. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఆయనతో, ధనవంతుల డ్రాయింగు రూముల కోసం గీయడం చాలించి రామాయణం గీయమన్నారట. లోహియా అనుయాయి, కళాపోషకుడు బద్రీవిశాల్ పిత్తీ గారి ఆదరణలో, మన హైదరాబాదులోనే, సుమారు ఎనిమిదేళ్ల పాటు దాదాపు 150 రామాయణ చిత్రాలు గీశానని హుస్సేన్ స్వయంగా చెప్పుకున్నారు. వాల్మీకినీ తులసీదాసునూ చదివి, సందేహాలుంటే కాశీ పండితులను అడిగి మరీ గీశారట. ఆ తరువాతి సంగతే నాకు ముఖ్యం. ఆ చిత్రాలను ఎడ్లబండ్ల మీద పల్లెలకు తీసుకువెళ్లి పరిచి చూపించారు. జనం వచ్చారు, చూశారు. ఈ బొమ్మలేమిటి ఇలా ఉన్నాయని అడిగినవాళ్లు లేరని ఆయన తరువాత చెప్పేవారు. ఆధునిక చిత్రం సామాన్యులకు అర్థం కాదనే మాట ఎవరు మొదలుపెట్టారో గాని, అది బండి దగ్గరికి వచ్చిన జనం అన్న మాట మాత్రం కాదు.

అసలు ఇది మనకు కొత్త పద్ధతా? చేర్యాల నకాషీ పటం, అంటే గుడ్డ మీద కథంతా బొమ్మలుగా గీసిన పొడవాటి చుట్ట, ఎవరి కోసం గీశారు? పటం చూపి కుల కథలు చెప్పే కాకిపడగలవారు ముదిరాజుల ముందు, కూనపులివారు పద్మశాలీల ముందు, గౌడజెట్టివారు గౌడుల ముందు గజాల పొడవు పటాన్ని ఒక్కొక్క గడిగా విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవారు. బొమ్మే జనం దగ్గరికి నడిచి వెళ్లేది. ఆ పటాన్ని మడిచి, చిన్న చట్రంలో బిగించి, అలంకార వస్తువుగా అమ్ముకునే స్థితికి వచ్చిన తరువాత మనం దానికి భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగు) ఇచ్చుకున్నాం. మంచిదే. అయితే కథకుడికి గుర్తింపు పత్రం ఎవరూ ఇవ్వలేదు.

మన నగరంలోనే మరో రకం తలుపులు తెరిచినవాళ్లున్నారు. 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివిన పి.టి. రెడ్డి గారు నారాయణగూడలోని తమ ఇల్లు ‘సుధర్మ’నే గ్యాలరీగా చేసుకున్నారు, అదే ఇంట్లో ఆయన భార్య యశోదారెడ్డి గారు తెలంగాణ పలుకుబడిలో కథలు రాశారు. మధ్యతరగతి బస్తీ మధ్యలో, బజారుకు వెళ్లే దారిలో, ఒక ఆధునిక చిత్రకారుడి ఇల్లు! ఇక 2019లో కన్నుమూసిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఆస్థాన చిత్రకారుడిగా పనిచేశారు. కంటి శస్త్రచికిత్స కోసం జిల్లాల నుంచి వచ్చిన రైతు వరుసలో కూర్చుని ఆయన గీసిన చెట్లనూ నీటి మీది ఆకులనూ చూస్తాడు. నన్నడిగితే, కట్టు విప్పిన రోజున ఒక మనిషి మొదట చూసేది మంచి బొమ్మ కావడానికి మించిన ప్రదర్శనశాల ఈ నగరంలో లేదు. బంజారాహిల్స్‌లోనే 2010లో తెరిచిన లామకాన్ అనే సాంస్కృతిక వేదిక కూడా ఒక ఇల్లే. అక్కడ చాయ్ తాగడానికి వచ్చినవాడు కూడా గోడ మీది ఫొటోల ముందు కాసేపు నిలబడతాడు. ఖైరతాబాదు పక్కన మక్తాలో 2016 ప్రాంతంలో వీధి చిత్రకళా సంస్థ స్టార్ట్ ఇండియా (St+art India) వారు బస్తీ గోడలకే పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. రంగులు ఎండకూ వానకూ వెలిసిపోతాయి, నిజమే. మళ్లీ వేయించాలి. బడి గోడకు సున్నం వేయించమా?

ఇంకొక మనోవ్యథ ఉంది. మన గ్యాలరీల్లో బొమ్మ పక్కన అతికించే చీటీ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ పక్కన పరిచయ పత్రం ఉంటుంది. అదీ ఇంగ్లీషే, పైగా ఇంగ్లీషు వచ్చినవాడికీ తలకెక్కని ఇంగ్లీషు. తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు వాక్యాలు రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ ప్రదర్శనలో పిల్లలు మూడు భాషల్లోనూ చీటీలు రాశారు. చేతితో రాశారు, ఒకటి రెండు చోట్ల ఒత్తులు తప్పాయి, దిద్దిస్తాను. మా అమ్మాయి పేరు గోడ మీద తెలుగులో ఉందని ఇందాక ఒక తల్లి నాకు చూపించింది.

వెనక వరసలో కూర్చున్న సంక్షేమ సంఘం పెద్దలారా, ఇప్పుడు నేరుగా మీతోనే మాట్లాడుతున్నాను. ఈ నగరంలో కాలనీకో కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్లిచూపులకు, పుట్టినరోజులకు, సంఘం ఎన్నికలకు వాడతాము; మిగతా రోజులు తాళం వేసి ఉంటుంది. బొమ్మలు పెట్టుకుంటామని పిల్లలు అడిగితే, మేకులు కొడితే గోడ పాడవుతుందని పంపేసిన హాళ్లు నాకు తెలుసు. మేకు అక్కరలేదు. పైకప్పుకు జానెడు కింద గోడ పొడవునా ఒక ఇనుప పట్టీ బిగించి, దానికి సన్నని తీగలు వేలాడదీస్తే ఎన్ని ప్రదర్శనలకైనా గోడకు గీత పడదు. మీ ప్రహరీకి మీరు వేయించిన గ్రిల్లుకయిన ఖర్చులో అది ఏ మూలకూ రాదు.

ఈ ప్రదర్శన ఆదివారం సాయంత్రం దాకా ఉంటుంది. పనివాళ్లు, ఇస్త్రీ బండి వాళ్లు, ఆటో డ్రైవర్లు తీరిక చేసుకునేది రాత్రి ఏడు తరువాత; హాలు ఆరింటికే మూస్తామన్నారు. దాన్ని తొమ్మిది దాకా పొడిగించండి. కరెంటు ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను, రసీదు కూడా అక్కరలేదు. గేటు దగ్గర కూర్చునే అబ్బాయికి మాత్రం, వచ్చినవాళ్లను ఏమీ అడగవద్దని ఈ రాత్రే చెప్పండి. సెలవు.